నీళ్లు లేని దీవిలో నీలి సాలీడు

1883 ఆగస్టు చివర జావా, సుమత్రా దీవుల మధ్య క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. దీవిలో ఎక్కువ భాగం సముద్రంలో కలిసిపోయింది. మిగిలిన ముక్క మీద వేడి బూడిద మేటలు వేసింది. చెట్టూ చేమా, పురుగూ పుట్రా ఏదీ మిగల్లేదు. తొమ్మిది నెలల తరువాత, 1884 మే నెలలో, ఒక ఫ్రెంచి బృందం ఆ బూడిద దిబ్బ మీద దిగింది. ఎడ్మండ్ కొతో అనే యాత్రికుడు ప్రాణమున్నది ఏదైనా దొరుకుతుందేమోనని ఎంత గాలించినా కంటబడింది ఒక్కటే. ఆనీ ఆననంత చిన్న సాలీడు. తినడానికి ఈగ కూడా లేని ఆ చోట అది తన పాటికి తాను గూడు అల్లుకుంటోంది. నిర్జన దీవిలో ఒంటరిగా పడ్డ ప్రాణి అనగానే మనకు రాబిన్సన్ క్రూసో గుర్తొస్తాడు గాని, ఆ పాత్ర మీద అసలు హక్కు సాలీడుదే. ఈ వ్యాసం కూడా ఒక సాలీడు గురించే. అది చిక్కుకున్న దీవి చుట్టూ సముద్రం లేదు. నంద్యాలకు తూర్పున, గిద్దలూరు వెళ్లే దారిలో, నల్లమల నడుమ ఉంది ఆ దీవి.

క్రూసో కథకు మూలమని చెప్పే అలెగ్జాండర్ సెల్కిర్క్ నిజంగా బతికిన మనిషి. 1704లో కెప్టెన్‌తో గొడవపడి, చిలీ తీరానికి దూరాన ఉన్న హువాన్ ఫెర్నాండెజ్ దీవుల్లో ఒకదాని మీద ఓడ దిగిపోయాడు. 1709 ఫిబ్రవరిలో మరో ఓడ వచ్చి ఎక్కించుకునేదాకా నాలుగేళ్ల నాలుగు నెలలు అక్కడ ఒక్కడే ఉన్నాడు. (అది ఉష్ణమండల దీవి కాదు. క్రూసోను అట్లాంటిక్ వైపు, వేడి దేశాల దగ్గరికి మార్చింది రచయిత డెఫో.) అతని గుండె నిబ్బరాన్ని అందరూ పొగుడుతారు. దీవి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. అక్కడ మంచినీళ్ల వాగులున్నాయి. అంతకుముందు వచ్చిన నావికులు వదిలిపెట్టిన మేకలు కొండల నిండా పెరిగి ఉన్నాయి. రాత్రిళ్లు కాళ్లు కొరికే ఎలుకల నుంచి కాచుకోవడానికి ఓడల మీద వచ్చిన పిల్లులు కూడా ఉన్నాయి. ఒక రకంగా అతను దిగింది తనకు ముందు వచ్చినవాళ్ల పెరట్లో. నీళ్లు, తిండి, నీడ దొరికితే ఒక ప్రాణి కొన్నేళ్లు ఒంటరిగా బతకడం జీవశాస్త్రానికి పెద్ద విడ్డూరమేమీ కాదు. ఆ ప్రాణి పోయాక దీవిలో ఏం మిగులుతుందన్నదే చిక్కు లెక్క. సెల్కిర్క్ వెళ్లాక ఆ దీవిలో మేకలు మిగిలాయి, పిల్లులు మిగిలాయి. మనిషి మిగల్లేదు. దీవి పరీక్ష పెట్టేది వంశానికి. ఒంటరి బతుకు ఆ పరీక్షకు రాసుకున్న హాజరు మాత్రమే. నల్లమల సాలీడు సంగతి ఈ లెక్కలోంచి చూస్తేనే అర్థమవుతుంది.

1899లో రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఒక కొత్త సాలీడును వర్ణించి, దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. కాళ్లు చాపితే 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే అరచేతిలో పట్టదు. ఒళ్లంతా లోహపు మెరుపుతో కూడిన నీలం, కాళ్ల కీళ్ల దగ్గర పసుపు మచ్చలు. ఈ ప్రజాతిలో ఉన్న పదిహేను దాకా జాతులు భారతదేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. వాటన్నిటిలో ఇంత నిండు నీలం దీనిదే. అప్పట్లో ఇది దొరికింది గుత్తిలో, రైల్వే కలప అడితిలో. అందుకే లోకం దీన్ని గుత్తి టరాంటులా అని పిలుస్తుంది. ఆ తరువాత 102 ఏళ్ల పాటు దీన్ని చూసినవారు లేరు. గుత్తి చుట్టుపక్కల వెతికితే మరొకటి దొరకలేదు. చివరికి 2001లో కనిపించింది. అది గుత్తికి ఈశాన్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన, నంద్యాల, గిద్దలూరుల మధ్య ఉన్న ఆకురాల్చే అడవి.

ఈ ముడి విప్పడం గుత్తి కోట చుట్టూ చూపు సారించినవారికి కష్టం కాదు. బండరాళ్ల గుట్టలు, అరకొర వాన, తుమ్మా రేగూ తప్ప ఎత్తైన మానులు అరుదైన నేల అది. ఈ సాలీడేమో పొడుగాటి ముదురు చెట్ల తొర్రల్లో తప్ప కాపురం పెట్టదు. అటువైపు, 1880ల చివర నల్లమలను చీల్చుకుంటూ మీటర్ గేజ్ రైలుమార్గం పడింది. బొగద సొరంగం, దొరబావి వంతెన ఆ నాటివే. రైలుకు పట్టాల కింద పరిచే దిమ్మెలు కావాలి, కట్టడాలకు కలప కావాలి. ఏదో మాను తొర్రలో ఒదిగి ఉన్న సాలీడు ఆ మానుతో పాటే కూలి, వ్యాగనెక్కి, గుత్తి అడితిలో దిగిందన్నది శాస్త్రజ్ఞుల ఊహ. కళ్లారా చూసినవారెవరూ లేరు, కాబట్టి ఊహే. అయితే అతికే ఊహ ఇదొక్కటే. సముద్ర దీవులకు జంతువులు చేరే తీరూ ఇలాంటిదే. 1995లో కరీబియన్ సముద్రంలో తుఫానులు చెలరేగాక, వేళ్లతో సహా కొట్టుకొచ్చిన మానుల తెప్ప ఒకటి ఆంగ్విలా దీవి ఒడ్డున పడింది. దాని మీద కనీసం 15 పచ్చ ఇగువానా తొండలున్నాయి. అంతకుముందు ఆ దీవిలో ఆ జాతి లేదు. రెండేళ్లు దాటాక చూస్తే వాటిలో కొన్ని బతికే ఉన్నాయి. అక్కడ తుఫాను చేసిన పని ఇక్కడ గూడ్సు బండి చేసింది.

తెప్ప మీద వెళ్లిన తొండలు నిలదొక్కుకున్నాయి, వ్యాగనెక్కిన సాలీడు గుత్తిలో వంశం నిలబెట్టలేకపోయింది. ఎందుకని? తిండి లేక అనుకోవడానికి వీల్లేదు. కలప అడితిలో బొద్దింకలకు, చిమ్మెటలకు కొదవ ఉండదు. ఆ వలసజీవి ఆడదే అనుకుందాం. ఈ జాతిలో ఆడది పదకొండు, పన్నెండేళ్లు బతుకుతుంది. మగదానికి మూడు, నాలుగేళ్లే ఆయుష్షు. అడితి మూలన ఏ దూలం సందులోనో అది పదేళ్లు కాలక్షేపం చేయగలదు. కానీ టరాంటులాల శరీరంలో ఒక చిక్కుంది. జతకట్టాక ఆడది వీర్యాన్ని ఒంట్లోనే ఒక సంచిలో దాచుకుంటుంది. ఎదిగిన తరువాత కూడా అది కుబుసం విడుస్తూనే ఉంటుంది. ఆ కుబుసంతో పాటు సంచి లోపలి పొర కూడా ఊడిపోతుంది, దాచుకున్నదంతా దాంతో పోతుంది. అంటే ఒక్క కుబుసంతో అది మళ్లీ కన్యగా మారుతుంది. ఈలోపు గుడ్లు పెట్టినా గండం గడిచినట్టు కాదు. టరాంటులాల్లో మగపిల్లలు అక్కచెల్లెళ్ల కన్నా ముందే ఎదిగి, ముందే చచ్చిపోతాయి. ఒకే కాన్పు పిల్లలు వయసుకొచ్చి ఒకదానికొకటి ఎదురుపడటమే అరుదు. ఒకవేళ ఎదురుపడినా అన్నాచెల్లెళ్ల సంతతి నాలుగు తరాలు నడవడం కష్టం. కాబట్టి గుత్తిలో దిగిన ఆ సాలీడు ఎన్నాళ్లు బతికినా దాని కథ దానితోనే ముగిసింది.

ఒంటరిగా వెళ్లి వంశం నిలిపే జీవులు లేవా అంటే ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ఘనమైనది మన విశాఖపట్నంది కావడం విశేషం. అక్కడ పాములను సేకరించిన పాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1796లో అచ్చువేసిన పుస్తకంలో, వానపామంత ఉండే ఒక నల్లటి పాము బొమ్మ ఉంది. తెలుగువాళ్లు చెప్పిన రెండు తలల పాము అన్న పేరునే ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1803లో ఫ్రెంచివాడైన దోదాన్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. మనం గుడ్డిపాము అనేది దీన్నే. ఈ జాతిలో మగవి లేవు. ఆడది జత అక్కర్లేకుండానే గుడ్లు పెడుతుంది, పుట్టేవన్నీ ఆడపిల్లలే. పూలకుండీల మట్టిలో దాక్కుని ఓడలెక్కి, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలకూ, పసిఫిక్ మారుమూల దీవులకూ పాకిపోయింది. దానికి ఒక్క కుండీ చాలు. నీలి సాలీడుకు అలాంటి వరం లేదు. దానికి తోడు కావాలి, తోడు దొరకాలంటే నడిచి చేరగలిగినంత దగ్గరలో మరొకటి ఉండాలి.

ఈ నడిచి చేరగలిగినంత దూరమే దీవి అన్న మాటకు సరైన కొలత. నీళ్లు దానికి ఒక రకం హద్దు మాత్రమే. 1832లో బీగిల్ ఓడ అర్జెంటీనా తీరానికి అరవై మైళ్ల దూరాన ఉండగా వేలకొద్దీ చిన్న ఎర్ర సాలీళ్లు గాలిలో తేలివచ్చి ఓడ తాళ్ల మీద వాలడం చార్లెస్ డార్విన్ చూశాడు. చిన్న సాలీళ్లు పొట్ట చివర పైకెత్తి పట్టుదారం వదిలి, ఆ దారంతో పాటు గాలిలోకి లేస్తాయి. గాలి ఒక్కటే కాదు, వాతావరణంలోని విద్యుత్ క్షేత్రం కూడా వాటిని లేపగలదని 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. క్రకటోవాకు మొదటి సాలీడు చేరిన దారి బహుశా అదే. అలాంటి సాలీడుకు సముద్రం ఒక మడుగు కిందే లెక్క. మన టరాంటులా పిల్లలేమో బరువైనవి, దారమెక్కి ఎగిరే అలవాటు లేనివి. పుట్టిన తొర్రలోనే తల్లి దగ్గర కొంతకాలం గడిపి, పక్క చెట్టుకో ఆ పక్క చెట్టుకో చేరతాయి. రెక్కలున్నంత మాత్రాన దూరాలు చెరిగిపోతాయనీ అనుకోకూడదు. పనామా కాలువ కోసం నది మీద ఆనకట్ట కట్టినప్పుడు గాటూన్ జలాశయంలో ఒక కొండకొమ్ము దీవిగా మిగిలింది. అదే బారో కొలరాడో. ఆ తరువాత దశాబ్దాల్లో అక్కడి నుంచి పదుల రకాల అడవి పక్షులు మాయమయ్యాయి. ఎందుకో తేల్చడానికి పరిశోధకులు అలాంటి పక్షులను పట్టి, పడవలో తీసుకెళ్లి, నీళ్ల మీద ఒడ్డుకు కొంత దూరంలో వదిలారు. దట్టమైన అడవిలో నీడచాటున బతికే కొన్ని జాతులు వంద మీటర్లు కూడా ఎగరలేక చతికిలబడ్డాయి. రెక్కలున్న పక్షికే వంద మీటర్ల నీళ్లు సముద్రమైతే, ఎనిమిది కాళ్ల మీద పాకే ప్రాణికి పది కిలోమీటర్ల పత్తిచేను ఏమవుతుంది?

మనుషుల్లో కూడా నేల మీది దీవిలో ఒంటరిగా మిగిలినవారున్నారు. బ్రెజిల్‌లోని రోండోనియా రాష్ట్రంలో, పశువుల బీళ్లు నలువైపులా చుట్టుముట్టిన తనారు అనే అడవి ముక్కలో ఒక ఆదివాసి పాతికేళ్లకు పైగా ఒక్కడే బతికాడు. అతని తెగ వాళ్లంతా భూముల కోసం జరిగిన దాడుల్లో పోయారు. అతని పేరు గాని, భాష గాని ఎవరికీ తెలియవు. గుడిసెల్లో లోతైన గోతులు తవ్వుకునేవాడు కాబట్టి గోతి మనిషి అన్నారు. అతని కోసం ప్రభుత్వం కాపాడిన అడవి సుమారు 8,070 హెక్టార్లు, అంటే 80 చదరపు కిలోమీటర్లు. 2022 ఆగస్టులో ఉయ్యాల మంచంలో ప్రాణం లేకుండా కనిపించాడు. అడవి అతన్ని చివరిదాకా సాకింది. తెగ మాత్రం అతనితో పోయింది. నీలి సాలీడు తిరిగే నేల మొత్తం కలిపినా 100 చదరపు కిలోమీటర్ల లోపేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో లెక్కగట్టి, దాన్ని అంతరించే అంచున ఉన్న జాతుల్లో చేర్చింది. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు. రెండు అంకెలూ ఇంత దగ్గరగా రావడం కాకతాళీయమే కావచ్చు గాని, ఆ మనిషికి చుట్టూ ఉన్న బీడు ఏమైందో ఈ సాలీడుకు చుట్టూ ఉన్న చేలూ అదే అయ్యాయి.

ఈ దీవి ఒడ్డుల్ని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారు రోజూ చూస్తూనే ఉంటారు. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ కుందూ లోయ. నల్లరేగడి నేలలో పత్తి, శనగ, జొన్న, కాలువ పారిన చోట వరి. అడవి అంచున, వెలుగోడు నుంచి బ్రహ్మంసాగర్ దాకా సాగే తెలుగుగంగ కాలువ. నీళ్లు లేని దీవి అన్నామే గాని, పడమటి ఒడ్డున దానికి కందకం కూడా ఉందన్నమాట. రైతు కడుపు నింపే ఈ లోయను తప్పుపట్టనక్కర్లేదు, అయితే సాలీడు కళ్లతో చూస్తే ఇది చెట్టన్నది లేని నడిసముద్రం. ఘాట్ రోడ్డూ, గాజులపల్లె, చెలమ, దిగువమెట్టల మీదుగా పోయే రైలుమార్గమూ ఆ అడవిని మధ్యకు చీల్చుకుంటూ పోతాయి. ఏడాదిలో కొద్ది వారాలు తోడు వెతుక్కుంటూ తొర్ర దాటి బయటపడే మగ సాలీడుకు తారు రోడ్డు కూడా ఒక ఏరే. దక్షిణ దిక్కున మాత్రం కొండలు తెగకుండా సాగుతాయి. ఆళ్లగడ్డకు తూర్పున అహోబిలం కొండల మీదుగా కడప జిల్లా లంకమల వైపు అడవి అందుకుంటుంది. పెద్దపులులు నల్లమల నుంచి శేషాచలం దాకా నడవడానికి అటవీశాఖ కాపాడాలనుకుంటున్న దారి ఇదే.

ఇక్కడ సహజంగానే ఒక అభ్యంతరం వస్తుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది, మూడు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని ఆనుకుని గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది. ఇంత మహారణ్యం మధ్య ఉన్న ప్రాణిని దీవిలో చిక్కుకుందనడం అతిశయోక్తి కాదా? పులికి అది ఒకటే అడవి, నిజమే. సాలీడుకు కావలసింది అడవి కాదు, తొర్ర. లేత చెట్టుకు తొర్ర పడదు. కొమ్మ విరగాలి, వాన నీరు దిగాలి, బూజు పట్టాలి, చెదలు తొలచాలి, ఇదంతా జరగడానికి దశాబ్దాలు పడుతుంది. మండు వేసవిలో ఆకులన్నీ రాలి అడవి బోసిపోయినప్పుడు ఆ తొర్రలోని కాస్త చల్లదనమే దాని ప్రాణం. సరిగ్గా ఇలాంటి చెట్టునే మనం పనికిరానిదని లెక్కగడతాం. దూలానికి రాదు, తలుపుకు రాదు, కాబట్టి పొయ్యిలోకి. అడవిలో పచ్చదనం ఎంత ఉందో ఉపగ్రహం చెబుతుంది. తొర్రలెన్నో చెప్పదు. పచ్చగా కనిపించే వెయ్యి హెక్టార్లలో నూరేళ్ల మానులు గుప్పెడే ఉంటే, ఆ సాలీడు లెక్కలో అక్కడ ఉన్నది గుప్పెడు దీవులే. అమెజాన్ అడవిని ముక్కలు చేసి చూసిన ప్రయోగాల్లో, అంచు నుంచి 300 మీటర్ల లోపు ఉన్న పెద్ద మానులే మిగతావాటికన్నా తొందరగా చచ్చిపోయాయి. అది తడి అడవి, నల్లమల పొడి అడవి. ఇక్కడి లెక్క అచ్చంగా అలాగే ఉండాలని లేదు. ఉన్నా లేకపోయినా, గాలీ ఎండా ముందు తగిలేది అంచుకే, గొడ్డలీ ముందు చేరేది అంచుకే.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. రాత్రిపూట తిరిగే, తొర్రల్లో దాగే ప్రాణిని సరిగ్గా వెతికిందెవరు? కలివికోడిని చూడండి. 1848లో శాస్త్రానికి ఎక్కిన ఆ పక్షి 1900 తరువాత కనిపించక పోయిందనుకుంటే, 1986లో లంకమలలో మళ్లీ బయటపడింది. నీలి సాలీడు కూడా తమిళనాట జింజీ దగ్గరి పక్కమలై అడవిలో కనిపించిందని కొన్నేళ్ల కిందట వార్తలొచ్చాయి. రేపు మరో నాలుగు చోట్ల కనిపించవచ్చు. అయినా ఈ వాదన బలం తగ్గదు. నల్లమలకూ జింజీకీ మధ్య వందల కిలోమీటర్ల చేలు, ఊళ్లు, రోడ్లున్నాయి. అక్కడి మగది ఇక్కడికి రాదు. కొత్త చోటు దొరికితే దీవుల సంఖ్య పెరుగుతుంది, ఒక్కొక్క దీవి వైశాల్యం పెరగదు. జీవశాస్త్రజ్ఞులు రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ 1967లో రాసిన దీవుల సిద్ధాంతం సారం ఇది: చిన్న దీవిలో జాతులు తొందరగా ఆరిపోతాయి, దూరపు దీవికి కొత్తవి ఆలస్యంగా చేరతాయి. విల్సన్, ఆయన శిష్యుడు సింబర్లాఫ్ ఫ్లోరిడా తీరంలో ఆరు బుల్లి మడ దీవులకు గుడారం కప్పి, పొగబెట్టి, వాటి మీది పురుగులన్నిటినీ చంపేసి చూశారు. ఏడాది తిరిగేసరికి, అన్నిటికన్నా దూరంగా ఉన్నదాని మీద తప్ప, జాతుల సంఖ్య దాదాపు మునుపటి అంతకు చేరింది. దగ్గరలో పెద్ద తీరం ఉంది కాబట్టి అవి నిండాయి. నీలి సాలీడుకు అలాంటి తీరం లేదు. దానికి నల్లమల ముక్కే దీవీ, అదే తీరమూ.

మూడో మాట పెంపకందార్లు చెప్పేది. యూరప్, అమెరికాల్లో ఈ సాలీడును గాజు పెట్టెల్లో పెంచేవారు చాలామంది, అక్కడ పిల్లలను పొదిగించి అమ్ముతారు, కాబట్టి జాతి భద్రమే కదా అని. ఇది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ దీవిలో అరచేయంత పుల్లపురుగు ఉండేది. 1918లో మకాంబో అనే ఓడ అక్కడ ఒడ్డు తగిలి, అందులోని ఎలుకలు దీవి మీదికి దిగాయి. కొద్ది ఏళ్లలోనే పుల్లపురుగు అయిపోయింది. మన సాలీడు మళ్లీ కనిపించిన 2001లోనే, లార్డ్ హోవ్‌కు 20 కిలోమీటర్లకు పైగా దూరాన సముద్రంలో నిటారుగా లేచిన బాల్స్ పిరమిడ్ అనే రాతి కొమ్ము మీద, ఒకే ఒక్క పొద చుట్టుపక్కల 24 పురుగులు దొరికాయి. వాటిలో రెండు జంటలను తెచ్చి పెంచితే మెల్‌బోర్న్ జంతుప్రదర్శనశాలలో వేల సంతానమైంది. కాబట్టి గాజు పెట్టె వంశాన్ని నిలబెట్టగలదు. అయితే ఆ పురుగులను సొంత దీవికి పంపే ఆలోచన చేయాలన్నా ముందు ఎలుకలను తుడిచిపెట్టాల్సి వచ్చింది. ఆ పని 2019 దాకా మొదలు కాలేదు. పెట్టెలో పుట్టినది తిరిగి వెళ్లడానికి ఇల్లుండాలి. నీలి సాలీళ్ల విషయంలో ఆ పెంపకమంతా అడవి నుంచి దొంగదారిన దాటిపోయిన కొద్దిపాటి వాటి సంతానంతో మొదలైంది. అక్కాతమ్ముళ్లను జతకట్టి పెంచిన తరాలూ వాటిలో కలిసిపోయి ఉంటాయి. గుత్తి అడితిలో దిగిన సాలీడుకూ బెర్లిన్‌లో గాజు పెట్టెలో ఉన్న సాలీడుకూ తేడా, రెండోదానికి వేళకు బొద్దింక పెట్టేవారున్నారు. పైగా నీలం వెల పెరిగేకొద్దీ అడవి నుంచి కొత్త రక్తం తెప్పించుకునే ఆశ కూడా పెరుగుతుంది. ఈ ప్రజాతి మొత్తాన్ని 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చడానికి కారణం అదే.

ఆ నీలం గురించి ఒక్క మాట. అది రంగు పదార్థం కాదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన పొరల అమరిక నీలి కాంతిని మాత్రమే వెనక్కి పంపుతుంది, నెమలి ఈకలాగే. టరాంటులాల్లో ఈ నీలం కనీసం ఎనిమిది సార్లు వేర్వేరుగా పుట్టిందని 2015లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. చీకట్లో తిరిగే సాలీడుకు ఆ నీలంతో పనేమిటో ఇంకా ఎవరూ తేల్చలేదు. తేల్చాలంటే అడవిలో, దాని తొర్ర దగ్గర చూడాలి.

చివరి అభ్యంతరం మనుషులది. కట్టెపుల్ల లేనిదే పొయ్యి వెలగని ఇళ్లున్న అంచు పల్లెల్లో, తరతరాలుగా అడవినే నమ్ముకున్న చెంచుల నడుమ, ఒక సాలీడు కోసం ఆంక్షలు పెట్టడం న్యాయమా? అడవికి కంచె వేయమని ఎవరైనా అంటే అది అన్యాయమే, పనికిరానిది కూడా. ఈ జీవికి కావలసింది అంత పెద్దది కాదు. మద్ది, ఏపి, చిరుమాను ఏదైనా సరే, తొర్రపడిన ముదురు మాను నిలబడి ఉండాలి, దాని నుంచి మరో అలాంటి మానుకు పాకిపోగలిగినంత దూరంలో చెట్లుండాలి. తేనె కోసం తొర్రల గుట్టు ఎరిగిన చెంచుల కన్నా ఆ మానుల లెక్క తీయగలవారు ఎవరు? వారి చేత లెక్క తీయించి, గుర్తుపెట్టి, అంచు పల్లెలకు గ్యాసు బండ ఆగకుండా అందేలా చూడటం అటవీశాఖ చేతిలో పనే. కడప జిల్లాలో కలివికోడి కోసం తెలుగుగంగ కాలువనే పక్కకు మళ్లించిన రాష్ట్రానికి ఇది భారం కాదు. ఘాట్ రోడ్డు వెడల్పు చేసినా, రైలు పట్టా రెండోది వేసినా, కూల్చే జాబితాలోకి ఏ మాను ఎక్కుతుందో ఒకసారి చూడమనడమే.

దాని కాటుకు మనిషి చనిపోయిన దాఖలా ఒక్కటీ లేదు, అయినా చేతితో తాకకండి. నొప్పీ కండరాల పట్టివేతా చాలా రోజులు వేధిస్తాయి. నంద్యాల, గిద్దలూరు దారిలో ఎప్పుడైనా ఆ నీలం కంటబడితే ఫోటో తీసుకోండి, చోటు మాత్రం అటవీశాఖ వారికి తప్ప ఎవరికీ చెప్పకండి. కొనేవారు సముద్రాల అవతల సిద్ధంగా ఉన్నారు.